గావ్రీల్ ఇలిజారోవు చరిత్రము

కుంటివారిని వేలకొలదిగ నడిపించిన రష్యా వైద్యుడు గావ్రీల్ ఇలిజారోవు 1921వ సంవత్సరము జూన్ 15వ తేదీని పోలండు దేశమున ఒక యూదుల కుటుంబమున జన్మించెను. బాల్యము కాకసస్ కొండల చెంత కుసారీ యను నూర కడు పేదఱికమున గడచెను. పదియేండ్లు దాటువఱకు ఆ బాలుడు బడిముఖము చూడలేదు. ఆలస్యముగా చదువున చేరితిమని చింతించు మన బాలురు దీనిని గమనింతురు గాక. పట్టుదలతో చదివి, మహాయుద్ధము జరుగుచుండగనే 1944లో అతడు వైద్యపట్టమును పొందెను.

పిమ్మట సైబీరియాలోని కుర్గాను మండలమున ఒక పల్లెకు వైద్యుడుగా పోయెను. ఆ కాలమున ఎముకలు విఱిగినవారు పిండికట్లతో నెలలతరబడి మంచము పట్టియుండెడివారు. 1950 ప్రాంతమున ఇలిజారోవు ఒక పరికరమును కల్పించెను. కాలిచుట్టు లోహపు కడియములు అమర్చి, వానికి బిగించిన సన్నని తీగెలను ఎముకగుండ దూర్చి, కడియములను మరకడ్డీలతో కలుపుటయే దాని నిర్మాణము. ఎముకను కోసి, కొన్ని దినములు ఆగి, మరలను త్రిప్పుచు దినమునకు 1 మిల్లీమీటరు చొప్పున, అదియు నాలుగు తడవలుగా, ఎడము చేసినచో ఆ సందున క్రొత్త యెముక పుట్టును. నరములును చర్మమును దానితో పెరుగును. తొందరపడినచో ఎముక కూడదు. జాగుచేసినచో ముందుగనే గట్టిపడిపోవును.

మాస్కో పండితులు దీనిని చాలకాలము నమ్మరైరి. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలందు ఎత్తు దుముకుటలో స్వర్ణపతకము నందిన వలేరీ బ్రూమెల్ మరుసటియేడు మోటారుసైకిలు ప్రమాదమున కాలు పోగొట్టుకొనునంత వాడయ్యెను. ఎన్ని శస్త్రచికిత్సలు జరిగినను ఆ కాలు కుఱుచయై నిలిచెను. 1968లో ఇలిజారోవు దానిని సరిచేయగా అతడు మరల 2 మీటర్లకు పైగా దుమికెను. అప్పటినుండి కుర్గాను పేరు దేశమంతట వ్యాపించెను. 1980లో ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీ అచ్చట బాగుపడివచ్చుటచే పడమటి దేశముల వైద్యులకును ఈ పద్ధతి తెలిసెను.

మరుగుజ్జులుగా పుట్టి, తలుపు గడియయు అందనివారికి ఈ చికిత్స గొప్ప యుపకారము. అయితే నేడు అవయవలోపమేమియు లేని పురుషులు, పొట్టివారమను సిగ్గుచేత, మంచి యెముకలను కోయించుకొనుచున్నారు. 5 సెంటీమీటర్లు పెరుగుటకు ఏబది దినములు లాగవలెను. ఆపై ఎముక గట్టిపడుటకు నెలలు పట్టును. తీగెలచోట చీము పట్టవచ్చును, నరములు చెడవచ్చును, కీళ్లు బిగిసికొనవచ్చును. వారిని మూఢులని తోసివేయుటకు మాకు మనసొప్పదు. పెండ్లిమాటలలో వరుని యెత్తు అడుగువారమును, పొట్టివానికి పుట్టెడు బుద్ధులని నవ్వువారమును మనమే గదా! ఆ నవ్వు బడిలోనే మొదలగుచున్నదని ఉపాధ్యాయులమైన మేమెఱుగుదుము.

ఇలిజారోవు 1992 జూలై 24వ తేదీని కుర్గానులోనే మరణించెను. అచ్చటి వైద్యశాల నేటికిని అతని పేరనే నడచుచున్నది.