కెన్నెత్ ఆండర్సన్

బొల్లారమను పేరుగల ఊళ్ళు రెండు కలవు. ఒకటి పటాన్‌చెరువు సమీపముననున్న పారిశ్రామికవాడ. రెండవది సికింద్రాబాదునకు ఉత్తరమున పూర్వము ఆంగ్లసేనలు విడిసిన స్థలము. ఈ రెండవ బొల్లారమున 1910వ సంవత్సరము మార్చి 8వ తేదీన కెన్నెత్ ఆండర్సన్ జన్మించెను. ఆతని వంశీయులు స్కాట్లండు దేశీయులు. ఆరు తరములుగా భారతదేశమున స్థిరపడినవారు. బెంగుళూరులో విద్యాభ్యాసమైన పిదప, న్యాయశాస్త్రము చదువుటకై ఎడింబరో నగరమునకు వెళ్ళెను గాని, ఆ చదువు విడిచి మరలివచ్చెను. తంతి తపాలా శాఖలోను, తరువాత బెంగుళూరు విమాన కర్మాగారములోను ఉద్యోగము చేసెను. తీరిక దొరికినపుడెల్ల అడవులకు పోవుచుండెను.

1939 మొదలు 1966 వరకు ఆతడు నరభక్షకములైన ఎనిమిది చిరుతలను, ఏడు పెద్దపులులను చంపినట్లు ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. నాటి చిత్తూరు మండలములోని చామల, మామండూరు అడవులును ఆతడు తిరిగిన తావులే.

నరభక్షకి పగలు పొదలలో దాగి, రాత్రివేళ తాను చంపిన కళేబరమును తినుటకు వచ్చును. వేటగాడు మంచెపై కదలక కూర్చుండవలెను. చీకటిలో తుపాకి గురి కానరాదు. ఒక చేత దీపము, ఒక చేత తుపాకి పట్టిన గురి నిలువదు. దీపమును తుపాకి గొట్టమునకే బిగించిన వెలుగు పడిన చోటనే గుండు పడును. అయితే తుపాకి బరువెక్కును. వెలుగు చూచి మృగము పారిపోవచ్చును, మీదికి దుమకవచ్చును. ఇట్లు వేటాడుట వీరధర్మము కాదను వారును కొందరుండిరి.

ఆండర్సన్ తన వించెస్టరు తుపాకికి దీపము బిగించుటకే నిశ్చయించుకొనెను. గుండు తప్పిన మృగము అడవికి పోవును. గాయపడిన మృగము లేళ్ళను పట్టజాలక ఊరిమీద పడును. నరభక్షకములలో పెక్కు అట్టి గాయముల వలననే మనుష్యుల మీదికి మరలినవని ఆత డెరుగును. కావున ఒక్క గుండుతో పని ముగియవలెను. అంతకు పూర్వము 1926లో జిమ్ కార్బెట్టు, 125 మందిని బలిగొన్న రుద్రప్రయాగ చిరుతను తుపాకికి బిగించిన దీపముతోనే కూల్చెను. ఆ దీపము క్షణకాలము వెలిగి ఆరిపోయెనట! ఆ క్షణమే చాలెను.

కాని అదే దీపముతో మోటారుబండ్లపై తిరుగుచు, వెలుగునకు కన్నులు చెదరి నిలిచిపోయిన జింకలను కాల్చువారిని ఆండర్సన్ తీవ్రముగా నిందించెను. ఆపద తొలగించుట వేరు. నోరులేని జీవిని మోసగించి చంపుట వేరు. 1972లో వెలువడిన వన్యప్రాణి సంరక్షణ చట్టమును ఈ భేదమునే పాటించి, దీపముతో వేటను నిషేధించెను. కళేబరము కడకు వచ్చు మాంసాహార మృగముల విషయమున మాత్రము ప్రత్యేకానుమతికి చోటిచ్చెను. 1991 సవరణ తరువాత వినోదపు వేటకు అనుమతియే లేకుండెను.

తొలి గ్రంథమును 1954లో వెలువరించిన ఆండర్సన్, వయసు మీరిన కొలది తుపాకికి మారుగా కెమెరా చేపట్టెను. అడవులను, అందలి ప్రాణులను కాపాడవలెనని వ్రాసెను. 1974 ఆగష్టు 30వ తేదీన బెంగుళూరులో మరణించెను. చేతిలో ఎంత శక్తిగల సాధనమున్నను, దానిని ఎవరి మేలునకై, ఎంతవరకు వాడవలెనో ఎరుగుట ఆతని జీవితము నుండి మనము నేర్వదగిన పాఠము.