వాంట్ హాఫ్: అణువునకు ఆకృతి నిచ్చిన మేధావి

1852 ఆగస్టు 30వ తేదీన హాలండు దేశమందలి రోటర్‌డాము నగరమున, ఒక వైద్యుని యింట జాకబస్ హెన్రికస్ వాంట్ హాఫ్ జన్మించెను. డెల్ఫ్టు సాంకేతిక విద్యాలయమున మూడేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, బాన్ నగరమున కెకూలే యొద్దను, పారిసున వుర్ట్సు యొద్దను రసాయన శాస్త్రము నభ్యసించెను.

ఆనాటి పండితులు అణువులోని పరమాణువుల కూర్పును కాగితముపై గీతలతో చూపుచుండిరి. ఆ గీతలకు లొంగని చిక్కొకటి యుండెను. చింతపండునకు పులుపు నిచ్చు టార్టారిక్ ఆమ్లము విషయమున దానిని పాశ్చరు 1848లోనే గుర్తించెను. పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లమును, కండరములలోని లాక్టిక్ ఆమ్లమును ఒకే కూర్పు గలవయ్యు ధ్రువిత కాంతి యెడ వేర్వేరుగ ప్రవర్తించునని విస్లిసీనస్ అను జర్మను పండితుడు 1873లో చూపెను.

1874 సెప్టెంబరులో, ఇరువదిరెండేండ్ల ప్రాయమున, వాంట్ హాఫ్ ఒక చిన్న పుస్తకమున ఈ చిక్కును విప్పెను. కర్బన పరమాణువు యొక్క నాలుగు బంధములు ఒకే తలమున పరచుకొని యుండవు; చతుర్ముఖి యొక్క నాలుగు కొనల వైపునకు చాచుకొని యుండును. ఆ కొనలకు నాలుగు వేర్వేరు సముదాయములు చేరినచో, కుడిచేయి ఎడమచేయి వలె, ప్రతిబింబములయ్యు ఒకదానిపై నొకటి ఇమడని రెండు రూపము లేర్పడును. ఫ్రాన్సు దేశీయుడగు లె బెల్ కూడ అదే యేట స్వతంత్రముగ ఇట్టి నిర్ణయమునకే వచ్చెను.

1876లో వాంట్ హాఫునకు యుట్రెక్టు నగరమందలి పశువైద్య విద్యాలయమున ఉద్యోగము లభించెను. మరుసటి యేట విస్లిసీనస్ పీఠికతో ఆ గ్రంథము జర్మను భాషలో వెలువడగా, లైప్‌జిగు ఆచార్యుడును పత్రికా సంపాదకుడును అగు కోల్బె మండిపడెను. ఆ సిద్ధాంతము ఊహల గాలిమేడ యనియు, పశువైద్యశాలలోని యువకునికి నిజమైన రసాయన పరిశోధన రుచింపదనియు ఎగతాళి చేసెను. వాంట్ హాఫ్ తిట్టుకు తిట్టు బదులీయలేదు. 1878లో ఆమ్‌స్టర్‌డామున ఆచార్య పదవి నలంకరించిన నాటి ప్రసంగమున, పలువురు మహాశాస్త్రజ్ఞుల జీవితములను ఉదాహరించి, భావనాశక్తి శాస్త్రమునకు శత్రువు కాదని నిరూపించెను. 1884లో కోల్బె గతింపగా, ఆయన పీఠమును మరుసటి యేట విస్లిసీనసే అధిష్ఠించెను.

వాంట్ హాఫ్ దృష్టి అంతట ఆగలేదు. వేడిమి పెరిగినపుడు సమతాస్థితి ఉష్ణమును గ్రహించు చర్య వైపునకును, తగ్గినపుడు ఉష్ణమును విడుచు చర్య వైపునకును ఒరుగునని 1884 నాటి గ్రంథమున వివరించెను. పిదప, పలుచని చక్కెర ద్రావణములోని అణువులు కలిగించు ద్రవాభిసరణ పీడనము వాయు నియమములనే అనుసరించునని కనుగొని, ద్రవమునకును వాయువునకును నడుమ ఒక వంతెన కట్టెను.

1896లో ఆతడు బెర్లిను చేరెను. 1901లో రసాయన శాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము ఆతనినే వరించెను. అది చర్యల వేగమును, ద్రవాభిసరణ పీడనమును గూర్చిన కృషికే గాని, యౌవనమున కల్పించిన చతుర్ముఖికి కాదు. 1911 మార్చి 1వ తేదీన క్షయవ్యాధిచే ఆతడు పరమపదించెను.

అల్లీను జాతి పదార్థములందు కొన్నింటికి సైతము ఇట్టి జంట రూపము లుండవలెనని ఆతడు ఆ తొలినాళ్లలోనే ఊహించి యుండెను. 1935లో ప్రయోగశాల యందు అట్టి రూపములు చేజిక్కినవి. అప్పటికి ఆ ఊహకు అరువదేండ్లు నిండినవి. ఎగతాళి చేసినవారును, చేయబడినవాడును లేరు. ఊహ మాత్రము సత్యమై నిలిచినది.