తోటమాలి కొడుకు.. దొరల ఆట

ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా పచ్చటి మైదానం. మధ్యలో ఒక్క రోడ్డు. అంతే. కానీ ఆ రోడ్డు దాటి లోపలికి వెళ్లాలంటే రెండే మార్గాలు. సభ్యుడిగా డబ్బులు కట్టాలి, లేదంటే పనివాడిగా సంచి మోయాలి. మీరైతే ఏం చేస్తారు?

అమెరికాలో బోస్టన్ పక్కనుండే బ్రూక్‌లైన్‌లో 1893లో పుట్టిన ఫ్రాన్సిస్ విమెట్ సంచి మోశాడు. ఎదురుగా ఉన్నది ధనవంతుల గోల్ఫ్ క్లబ్బు. పేరు ‘ది కంట్రీ క్లబ్’. తండ్రి ఆర్థర్ కెనడా నుంచి వలస వచ్చిన ఫ్రెంచి కుటుంబీకుడు, తోటమాలి. తల్లిది ఐరిష్ కుటుంబం. తండ్రి లెక్క చాలా సూటిగా ఉండేది. మగపిల్లాడు పని నేర్చుకోవాలి, సంపాదించాలి. గోల్ఫ్ కడుపు నిండినవాళ్ల కాలక్షేపం, మనకెందుకు?

మన ఇళ్లలోనూ వినే మాటే కదా!

దొరికిన బంతులే పెట్టుబడి

ఫ్రాన్సిస్ బడికి ఆ మైదానం మీదుగానే అడ్డదారిన వెళ్లేవాడు. పొదల్లో పోయిన బంతులన్నీ పోగేసేవాడు. అతని మొదటి గోల్ఫ్ కర్ర కొన్నది కాదు, ఆ పాత బంతులిచ్చి మార్చుకున్నది. ఇంటి వెనక గడ్డి బీడులో అన్న విల్‌ఫ్రెడ్ మూడు గుంతలతో ఓ చిన్న కోర్సు తయారు చేశాడు. అన్నదమ్ములిద్దరికీ అదే కోచింగ్ సెంటర్!

బడి వయసులోనే క్యాడీగా చేరాడు. ఆటగాళ్ల వెంట కర్రల సంచి మోసే కుర్రాళ్లను అలా పిలుస్తారు. క్యాడీలు అక్కడ ఆడకూడదు. మనవాడు ఊరుకుంటాడా? తెల్లారకముందే దొంగచాటుగా ఆడేవాడు, మైదానం చూసుకునేవాళ్లు తరిమితే పరుగు లంకించుకునేవాడు.

ఒక రోజు సభ్యుడొకాయన ముచ్చటపడి, తనతోపాటు ఆడమన్నాడు. కుర్రాడు అదరగొట్టేస్తున్నాడు. పదిహేనో గుంత క్యాడీల గది పక్కనే. అక్కడ క్యాడీల పెద్ద నిలబడి చూస్తున్నాడు. ఇంకేముంది, చేతులు వణికాయి. ఆ ఒక్క గుంతకే పది దెబ్బలు పట్టాయి. అయినా మొత్తం ఆట 84 దెబ్బల్లో ముగించాడు. గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప అన్నమాట. ఆ వయసు కుర్రాడికి 84 అంటే మామూలు విషయం కాదు.

అందరూ ఆడుకునే ఫ్రాంక్లిన్ పార్క్ మైదానం దూరం. సంచి భుజాన వేసుకుని నడవాలి, ట్రాములు మారుకుంటూ పోవాలి, దిగాక మళ్లీ నడవాలి. అక్కడ ఉన్నవి తొమ్మిది గుంతలే. అంత దూరం వచ్చినందుకు వాటినే ఆరుసార్లు చుట్టేసేవాడు. 54 గుంతలు! తిరిగి అదే దారిలో ఇంటికి.

పాతిక డాలర్ల వేసవి

1910లో అమెరికా అమెచ్యూర్ పోటీలు ఎదురుగా ఉన్న క్లబ్బులోనే జరుగుతాయని తెలిసింది. పాల్గొనాలంటే ఏదో ఒక క్లబ్బులో సభ్యత్వం ఉండాలి. ఫీజు 25 డాలర్లు. నాన్నను అడిగే విషయం కాదు. అమ్మను అడిగాడు. అప్పుగా మాత్రమే, తీర్చేస్తానన్న మాట మీద.

ఆ వేసవి బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. వారానికి 4 డాలర్ల జీతం. లెక్క వేసుకోండి. పైసా ఖర్చు పెట్టకుండా దాచినా ఆరు వారాలకు పైగా పనిచేస్తేగానీ ఆ అప్పు తీరదు. తోటి ఆటగాళ్లు ప్రాక్టీసు చేస్తుంటే మనవాడు పనిలో ఉన్నాడు. చివరికి ఏమైంది? ఒక్క దెబ్బ తేడాతో అర్హత పోయింది. తర్వాతి రెండేళ్లూ నిరాశే.

ఈలోగా చదువు ఆగింది. ఏదైనా పనికొచ్చే పని చూసుకోమన్న తండ్రి మాట మేరకు ఉద్యోగంలో స్థిరపడ్డాడు. క్రీడా సామగ్రి దుకాణంలో గుమాస్తా. యజమాని జార్జ్ రైట్ ఒకప్పటి పేరున్న బేస్‌బాల్ ఆటగాడు. ఆట మాత్రం మానలేదు. పొద్దున్నా సాయంత్రం వీలు చేసుకుని ఆడాడు. 1913లో రాష్ట్ర అమెచ్యూర్ విజేత అయ్యాడు.

సెలవు అడగడానికి మొహమాటం

అదే సెప్టెంబరులో యూఎస్ ఓపెన్. అదీ ఇంటి ఎదుటే. ఇంగ్లండ్ నుంచి హ్యారీ వార్డన్, టెడ్ రే వస్తున్నారు. వార్డన్ అప్పటికే ఐదుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన దిగ్గజం. ఫ్రాన్సిస్‌ను ఆడమని గోల్ఫ్ సంఘం పెద్దలే అడిగారు. ఇబ్బందల్లా ఒక్కటే. అంతకుముందే ఇంకో పోటీకి సెలవు పెట్టేశాడు. మళ్లీ అడగాలంటే మొహమాటం. పాల్గొనేవారి జాబితాలో ఇతని పేరు చూసిన యజమానే ఆడి తీరాలని పంపించాడు.

సంచి మోయడానికి దొరికింది ఎడ్డీ లోరీ. వయసు పదేళ్లు, బడి ఎగ్గొట్టి వచ్చాడు. సంచి పక్కన నిలబడితే సంచే పెద్దగా కనిపించేది.

నాలుగు రౌండ్లు ముగిసేసరికి వార్డన్, రే, ఫ్రాన్సిస్ ముగ్గురూ 304 దెబ్బలతో సమానం. ఫ్రాన్సిస్‌ను నిలబెట్టింది పదిహేడో గుంత దగ్గర కొట్టిన దెబ్బ. ఆ గుంత ఎక్కడుందో తెలుసా? సరిగ్గా వాళ్లింటి ఎదురుగా!

మర్నాడు, సెప్టెంబరు 20న, తేల్చుకునే ఆట. ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ రాత్రి పెందలాడే నిద్రపోయి, పొద్దున్నే తేలిగ్గా తిని, క్లబ్బుకు నడుచుకుంటూ వెళ్లాడు. ఎడ్డీని పక్కనపెట్టి అనుభవమున్న క్యాడీని తీసుకోమని కొందరు ఒత్తిడి తెచ్చారు. ఫ్రాన్సిస్ ఒప్పుకోలేదు. సంచి మోసినవాడికే కదా ఆ విలువ తెలిసేది. వానలో, వేలమంది చూస్తుండగా, ఫ్రాన్సిస్ 72, వార్డన్ 77, రే 78. ఇందులో మరో తమాషా ఉంది. ఓడిపోయిన వార్డన్ కూడా తోటమాలి కొడుకే!

గెలిచాక అసలు పరీక్ష

ఇక్కడిదాకా సినిమా కథలా ఉంది కదూ. అసలు విషయం తర్వాతే. అంత పేరు వచ్చాక ఆటనే వృత్తిగా చేసుకోవచ్చు. చేసుకోలేదు. జీవితాంతం అమెచ్యూర్‌గానే ఉన్నాడు. తిండికి ఉద్యోగం, మనసుకు ఆట. 1914లో అమెరికా అమెచ్యూర్ టైటిల్ కూడా గెలిచాడు.

ఆ దారీ నున్నగా లేదు. క్రీడా సామగ్రి వ్యాపారం పెట్టుకున్నాడని 1916లో గోల్ఫ్ సంఘం అతని అమెచ్యూర్ హోదా తీసేసింది. ఆస్తిపాస్తులున్నవాళ్లకు రాని చిక్కు ఇది. బతకడానికి వ్యాపారం చేసుకోవాల్సినవాడికే వచ్చింది. సైన్యంలో చేరాక 1918లో తిరిగి ఇచ్చారు. 1931లో, మొదటి టైటిల్‌కు 17 ఏళ్ల తర్వాత, మళ్లీ జాతీయ అమెచ్యూర్ విజేత అయ్యాడు. తర్వాత కాలంలో షేర్ల వ్యాపారంలో స్థిరపడ్డాడు.

1949లో ఆయన పేరుతో ఒక నిధి మొదలైంది. గోల్ఫ్ మైదానాల్లో పనిచేసే పిల్లల కాలేజీ చదువులకు సాయం చేసే ఆ నిధి ఇప్పటికీ నడుస్తోంది. 1951లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ క్లబ్బుకు ఆయన కెప్టెన్. ఆ గౌరవం దక్కిన తొలి అమెరికన్. 1967లో, 74వ ఏట కన్నుమూశాడు.

ఇప్పుడు చెప్పండి, గెలిచింది ఎవరు? నాన్న మాట కాదని ఆడిన కొడుకా, పని చేసుకుని బతకమన్న నాన్నా? ఇద్దరూ అనే చెప్పాలి. ఆట తనలాంటి వాళ్లది కాదన్న మాటను ఫ్రాన్సిస్ వినలేదు. తన తిండి తానే సంపాదించుకోవాలన్న మాటను మాత్రం చివరిదాకా వదల్లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి వాదన నడుస్తుంటే, నాన్న చెప్పేదాంట్లో ఏది భయం, ఏది విలువ అని విడదీసి చూడండి. భయాన్ని మీ శ్రమతో పోగొట్టండి. విలువను మీతో ఉంచుకోండి. మీ కలకు అయ్యే ఖర్చులో కొంతైనా మీరే సంపాదించి చూపించండి. ఆ పాతిక డాలర్ల వేసవి చెప్పేది అదే.