విద్యాసౌధ శిల్పి మౌలానా ఆజాద్

భారతదేశానికి స్వాతంత్ర్యం సిద్ధించిన నాడు పాలకుల ముందు నిలిచిన సమస్యలు అనేకం. దేశ విభజన రగిల్చిన చిచ్చు ఇంకా చల్లారలేదు. శరణార్థులకు ఆశ్రయం కల్పించాలి, ఆకలితో ఉన్నవారికి తిండిగింజలు సమకూర్చాలి. ఇన్నిటి నడుమ నిరక్షరాస్యత అనే మరో మహాసమస్య నిశ్శబ్దంగా నిలిచి ఉంది. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చదవను, వ్రాయను నేర్చినవారు సుమారు 18 శాతం మాత్రమే. అట్టి దేశానికి జాతీయ విద్యావ్యవస్థను రూపొందించే బాధ్యతను స్వీకరించిన మహనీయుడు మౌలానా అబుల్ కలాం ఆజాద్.

ఆయన 1888 నవంబరు 11న మక్కాలో జన్మించారు. అసలు పేరు ముహియుద్దీన్ అహ్మద్. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గొప్ప పండితులు. ఆజాద్ బాల్యంలోనే ఆ కుటుంబం కలకత్తాలో స్థిరపడింది. ఆయన ఏ పాఠశాలలోనూ చేరలేదు. ఇంటివద్దనే తండ్రి వద్దా, ఇతర గురువుల వద్దా అరబ్బీ, పారశీక భాషలను, తర్కాన్ని, తత్త్వశాస్త్రాన్ని, గణితాన్ని అభ్యసించారు. ఆంగ్లభాషను స్వయంకృషితో నేర్చుకున్నారు. సంప్రదాయ బంధనాల నుండి విముక్తుడైన ఆలోచనాపరునిగా తనను తాను భావించుకొని, స్వతంత్రుడు అనే అర్థమిచ్చే ఆజాద్ అనే కలంపేరును స్వీకరించారు.

1912లో ఆయన కలకత్తా నుండి అల్ హిలాల్ అనే ఉర్దూ వారపత్రికను ప్రారంభించారు. ఆ పత్రిక రగిలించిన దేశభక్తిని సహింపజాలక ఆంగ్ల ప్రభుత్వం దానిని అణచివేసింది. 1916లో ఆజాద్‌ను బెంగాలు నుండి బహిష్కరించింది. రాంచీలో నిర్బంధంలో ఉంటూ కూడా ఆయన అక్కడ ఒక పాఠశాలను నెలకొల్పారు. 1923లో ముప్పది అయిదేళ్ళు నిండకముందే కాంగ్రెసు ప్రత్యేక మహాసభకు అధ్యక్షత వహించారు. 1940 నుండి 1946 వరకు మరల ఆ సంస్థకు అధ్యక్షులుగా ఉన్నారు. 1943లో అహమ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్న కాలంలో ఆయన భార్య జులేఖా బేగం కలకత్తాలో కన్నుమూశారు. ఆమెను చూడడానికి అనుమతి కోరుతూ ప్రభుత్వాన్ని అర్థించడానికి ఆయన ఆత్మాభిమానం అంగీకరించలేదు.

1947లో విద్యాశాఖను చేపట్టిన ఆజాద్ 1958లో మరణించేవరకు ఆ బాధ్యతలోనే కొనసాగారు. అయితే ఆ పదవికి ఒక పరిమితి ఉంది. నాటి రాజ్యాంగం ప్రకారం విద్య ప్రధానంగా రాష్ట్రాల అధికార పరిధిలోనిది. పాఠశాలలను స్థాపించడం, ఉపాధ్యాయులను నియమించి జీతాలు చెల్లించడం, పాఠ్యపుస్తకాలను నిర్ణయించడం రాష్ట్రాల పని. ఉన్నత, సాంకేతిక విద్యా ప్రమాణాలను సమన్వయపరచడం కేంద్రం వంతు. కనుక కేంద్రమంత్రి ఆజ్ఞాపించి చేయించగలిగినది స్వల్పం. ఒప్పించి సాధించవలసినది అధికం. కేంద్ర విద్యా సలహా మండలి సమావేశాలలో ఆజాద్ రాష్ట్రాల విద్యామంత్రులను ఒకచోట కూర్చి, ఉమ్మడి లక్ష్యాలవైపు నడిపించడానికి కృషి చేశారు.

ఆయన మొదట నిపుణుల సలహాను కోరారు. 1948లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యాసంఘం ఏర్పడింది. 1952లో లక్ష్మణస్వామి మొదలియార్ నాయకత్వాన మాధ్యమిక విద్యాసంఘం ఏర్పడింది. పరీక్షల భారాన్ని తగ్గించాలని, వృత్తివిద్యకు చోటివ్వాలని, ఉపాధ్యాయుల శిక్షణను, జీతాలను మెరుగుపరచాలని అది సూచించింది. రాధాకృష్ణన్ సంఘం సిఫారసుకు అనుగుణంగా 1953 డిసెంబరులో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘాన్ని ఆజాద్ ప్రారంభించారు. 1956లో పార్లమెంటు చట్టం ద్వారా దానికి శాసనబద్ధత లభించింది. విశ్వవిద్యాలయాల స్వేచ్ఛకు భంగం కలుగకుండా నిధులు అందించడం, ప్రమాణాలను కాపాడడం దాని కర్తవ్యాలు. ధనమిచ్చేవాడు పెత్తనం కోరడం లోకసహజం. ప్రభుత్వానికీ విశ్వవిద్యాలయాలకూ నడుమ అటువంటి సంఘాన్ని నిలపడంలోని ఔచిత్యం ఇదే.

సాంకేతిక విద్యకు కూడా ఆయన కాలంలో గట్టి పునాది పడింది. స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలోనే ఖరగ్‌పూర్‌లో తొలి ఐఐటీ వెలసింది. 1951లో ఆజాద్ దానిని ప్రారంభించారు. నిన్నటి చెరసాల నేటి విద్యాలయమైంది. సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీలు కూడా ఆయన హయాంలోనే అవతరించాయి.

అయినా ఆయన ఆశించినదంతా నెరవేరలేదు. 1944 నాటి సార్జెంట్ ప్రణాళిక సార్వత్రిక విద్యకు నలభై ఏళ్ళ గడువును సూచించింది. స్వతంత్ర దేశం అంతకాలం వేచి ఉండజాలదని భావించి, 1948లో బి.జి. ఖేర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ గడువును పదహారేళ్ళకు కుదించింది. రాజ్యాంగంలోని 45వ అధికరణం ఇంకా ముందుకు వెళ్ళి, పదేళ్ళలో పద్నాలుగేళ్ళలోపు బాలబాలికలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని నిర్దేశించింది. కాని నిధులు చాలలేదు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు చాలలేదు. 1960 నాటికి ఆ లక్ష్యం నెరవేరలేదు. 1976లో విద్య ఉమ్మడి జాబితాలో చేరింది. విద్యాహక్కు చట్టం 2009లో రూపొంది, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది.

1958 ఫిబ్రవరి 22న ఆజాద్ ఢిల్లీలో పరమపదించారు. 1992లో ప్రభుత్వం మరణానంతరం ఆయనకు భారతరత్న ప్రకటించింది. 1998లో హైదరాబాదులో ఆయన పేరిట జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2008 నుండి ఆయన జన్మదినాన్ని జాతీయ విద్యాదినోత్సవంగా జరుపుకొంటున్నాం. బడి గడప తొక్కకుండానే పండితుడైన ఆ మహానుభావుడు, తనకు దక్కిన అవకాశం ప్రతి ఇంటా దొరకదని గ్రహించాడు. అందుకే ప్రతి బిడ్డకూ బడి ఉండాలని తపించాడు. నేడు కళాశాలలో చదువుకొనే ప్రతి విద్యార్థీ ఆ తపనకు వారసుడే.