విలియం హోగార్త్

విలియం హోగార్త్ (నవంబర్ 10, 1697 – అక్టోబర్ 26, 1764) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ చిత్రకారుడు, నగిషీకారుడు. చిత్రాలను తానే ఊహించి, రాగిరేకులపై చెక్కి, అచ్చు వేయించి, వార్తాపత్రికలలో ప్రకటనలు ఇచ్చి, దళారుల ప్రమేయం లేకుండా తన ఇంటివద్దనే అమ్ముకుని జీవించిన కళాకారులలో ఇతడు అగ్రగణ్యుడు. 1735లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన నగిషీ చిత్రాల హక్కుల చట్టం ఇతని పేరుమీదనే హోగార్త్ చట్టంగా ప్రసిద్ధి చెందింది.

బాల్యం

హోగార్త్ లండను నగరంలోని బార్తొలొమ్యూ క్లోజ్ అనే వీధిలో జన్మించాడు. తండ్రి రిచర్డ్ హోగార్త్ లాటిన్ పండితుడు, బడిపంతులు, పాఠ్యపుస్తకాల రచయిత. ఈయన ఎంతో శ్రమించి కూర్చిన లాటిన్ నిఘంటువు అచ్చుకు నోచుకోలేదు. లాటిన్ భాషలోనే మాట్లాడుకునే పెద్దమనుషుల కోసం సెయింట్ జాన్స్ గేట్ వద్ద ఒక కాఫీ హోటలు పెట్టాడు గాని అది సాగలేదు. అప్పులు తీర్చలేక ఫ్లీట్ కారాగారం పాలయ్యాడు. 1712లో విడుదలైన రిచర్డ్ 1718లో మరణించాడు. పాండిత్యం ఉండీ పుస్తక వ్యాపారుల దయమీద బతికిన తండ్రి దుస్థితిని హోగార్త్ జీవితాంతం మరువలేదు. అతని తరువాతి ప్రవర్తన అంతటికీ ఇదే మూలమని చెప్పవచ్చును.

స్వతంత్ర వృత్తి

1714లో ఎల్లిస్ గాంబుల్ అనే వెండి నగిషీకారుని వద్ద పని నేర్చుకొనుటకు చేరాడు. ప్రభువుల వెండిపాత్రలపై వంశచిహ్నాలు చెక్కడం అక్కడి పని. ఆ పని అతనికి విసుగు పుట్టించింది. ఒప్పందం గడువు పూర్తికాకముందే బయటకు వచ్చి 1720 ఏప్రిల్‌లో సొంతంగా వృత్తి ఆరంభించాడు. ఇందుకు గుర్తుగా తన పేరుతో ఒక అందమైన వ్యాపార చీటీని చెక్కుకున్నాడు. దుకాణదారుల చీటీలు, అంత్యక్రియల ఆహ్వానాలు, నాటక ప్రదర్శనల టిక్కెట్లు, పుస్తకాలకు బొమ్మలు — ఏ పని వచ్చినా చేసేవాడు. బట్టల దుకాణం నడిపిన తన చెల్లెళ్లు మేరీ, ఆన్‌లకు కూడా ఒక చీటీ గీసి ఇచ్చాడు. పగలు పని చేస్తూ, సెయింట్ మార్టిన్స్ లేన్‌లోని చిత్రకళాశాలలో చిత్రలేఖనం అభ్యసించాడు.

ఆ కాలంలో ముద్రాచిత్రాల వర్తకం కొద్దిమంది దుకాణదారుల చేతిలో ఉండేది. వారు చెక్కిన రేకును తక్కువ వెలకు కొని లాభమంతా తామే అనుభవించేవారు. 1724లో హోగార్త్ లండను వేషధారణ విందులను, ఇటాలియన్ సంగీత నాటకాలను ఎగతాళి చేస్తూ ఒక చిత్రాన్ని సొంతంగా ప్రచురించి ఒక షిల్లింగుకు అమ్మకానికి పెట్టాడు. చిత్రం జనానికి నచ్చింది. కాని కొద్దిరోజులకే దాని నకళ్లు సగం ధరకు వెలువడ్డాయి. దుకాణదారులు అసలు ప్రతులను అతనికే తిప్పి పంపారు.

మరొక దెబ్బ 1727-28లో తగిలింది. జాషువా మోరిస్ అనే చిత్రకంబళ్ల తయారీదారు భూమి అనే అంశంపై ఒక నమూనా చిత్రం గీయమని హోగార్త్‌ను నియమించాడు. ఆ తరువాత ఇతడు చిత్రకారుడు కాడు, కేవలం నగిషీ పనివాడు అని ఎవరో చెప్పగా విని, పూర్తయిన చిత్రానికి డబ్బు ఇవ్వడానికి నిరాకరించాడు. హోగార్త్ న్యాయస్థానానికి వెళ్లి, తోటి కళాకారులచేత సాక్ష్యం చెప్పించి, 1728 మే నెలలో గెలిచాడు. చేతిపనివాడనే చిన్నచూపు మాత్రం అంత సులభంగా పోలేదు. 1729లో రాజాస్థాన చిత్రకారుడు సర్ జేమ్స్ థార్న్‌హిల్ కుమార్తె జేన్‌ను ఆమె తండ్రికి తెలియకుండా వివాహమాడాడు. మామగారు కొంతకాలానికి శాంతించాడు.

చందా పద్ధతి

పల్లెనుండి లండను చేరిన ఒక అమాయకురాలు వేశ్యావృత్తిలో చిక్కుకుని 23 ఏళ్లకే మరణించే కథను హోగార్త్ ఆరు చిత్రాలుగా గీశాడు. ఎ హార్లట్స్ ప్రోగ్రెస్ అనే ఈ వరుస 1732లో ముద్రాచిత్రాలుగా వెలువడింది. దీనిని అతడు ఏ దుకాణానికీ ఇవ్వలేదు. వర్ణచిత్రాలను తన ఇంట్లోనే ప్రదర్శనకు పెట్టి, వచ్చి చూసినవారి వద్ద చందా స్వీకరించాడు. ఆరు చిత్రాల ధర ఒక గినీ, అనగా ఇరవయ్యొక్క షిల్లింగులు. సగం ముందుగా, మిగతా సగం చిత్రాలు అందినప్పుడు చెల్లించాలి. ముందు చెల్లించిన సొమ్ముకు ఇచ్చే రశీదు కూడా హోగార్త్ స్వయంగా చెక్కిన చిత్రమే కావడంతో ఆ రశీదును సైతం జనం భద్రపరచుకునేవారు. వెయ్యిమందికి పైగా చందాదారులు చేరారు. అంతకు మునుపు పుస్తకాలకు చందాలు వసూలు చేసే ఆచారం ఉన్నది గాని, ఒక నగిషీకారుడు ఇంత పెద్ద మొత్తాన్ని నేరుగా ప్రజల నుండి రాబట్టడం అపూర్వం.

ఈ విజయంతో 1733లో లెస్టర్ ఫీల్డ్స్‌లో ఇల్లు తీసుకున్నాడు. గుమ్మంపై గుర్తుగా, బెండు ముక్కలను అతికించి తానే మలచి బంగారు పూత పూసిన వాన్ డైక్ తలను నిలిపాడు. బంగారు తల గుర్తుగల ఇల్లు అనే చిరునామాతోనే తరువాతి ప్రకటనలన్నీ వెలువడ్డాయి. వార్తల్లో ఉన్న విషయాన్ని అందిపుచ్చుకోవడంలో కూడా ఇతడు నేర్పరి. 1733లో సారా మాల్కమ్ అనే హంతకురాలిని ఉరితీయడానికి ముందు న్యూగేట్ కారాగారంలో చూసి ఆమె చిత్రం గీశాడు. దాని ముద్రలను ఆరు పెన్నీలకు అమ్మాడు.

హోగార్త్ చట్టం

హార్లట్ చిత్రాలు వెలువడిన వెంటనే దొంగ ముద్రలు అనేకం బజారులోకి వచ్చాయి. విసనకర్రలపై కూడా ఆ బొమ్మలు కనిపించాయి. వీటిలో హోగార్త్‌కు ఒక్క పెన్నీ కూడా దక్కలేదు. అందుచేత జార్జి వెర్ట్యూ మొదలైన తోటి కళాకారులతో కలిసి పార్లమెంటుకు విన్నవించుకున్నాడు. రచయితలకు 1710 నుండే చట్టరక్షణ ఉన్నందున అదే రక్షణను తమకూ వర్తింపజేయాలని వీరు కోరారు. 1735 మే నెలలో బిల్లుకు రాజామోదం లభించింది. తానే ఊహించి చెక్కిన చిత్రంపై కళాకారునికి పద్నాలుగేళ్లపాటు సర్వహక్కులు ఉండేటట్లు, జూన్ 25 నుండి చట్టం అమలులోకి వచ్చింది.

ఈలోగా ఎ రేక్స్ ప్రోగ్రెస్ అనే ఎనిమిది చిత్రాల వరుసకు చందాలు వసూలైనా, చట్టం అమలయ్యే రోజుదాకా హోగార్త్ ముద్రలను విడుదల చేయలేదు. ఒకటిన్నర గినీల ధరకు చందాదారులుగా చేరి ఏడాదికి పైగా ఎదురుచూస్తున్నవారికి పత్రికా ప్రకటన ద్వారా కారణం తెలియజేశాడు. దొంగ ప్రచురణకర్తలు ఊరకుండలేదు. కొందరిని కొనుగోలుదారుల వేషంలో అతని ఇంటికి పంపి, వారు గుర్తుంచుకుని వచ్చి చెప్పినదానిని బట్టి నకళ్లు చెక్కించి, జూన్ ఆరంభంలోనే అమ్మేశారు. చూడని చిత్రాలకు గీసిన ఆ నకళ్లు అసలువాటితో ఏమాత్రం పొసగవు. హోగార్త్ దీనికి విరుగుడుగా థామస్ బేక్‌వెల్ అనే వర్తకునిచేత అధికారికమైన చిన్న ప్రతులను రెండున్నర షిల్లింగులకే అమ్మించాడు. ధనికులకు ఒక ధర, సామాన్యులకు మరొక ధర అనే ఈ ఏర్పాటు అతనికి బాగా కలిసివచ్చింది. 1747 నాటి ఇండస్ట్రీ అండ్ ఐడిల్‌నెస్ పన్నెండు చిత్రాలను చిత్రానికి ఒక షిల్లింగు చొప్పున అమ్మాడు. 1751 నాటి బీర్ స్ట్రీట్, జిన్ లేన్ చిత్రాల ధర కూడా అంతే.

ఉచిత సేవ, వేలంపాటలు

సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి మెట్ల గోడలపై చిత్రించే పని ఇటలీ చిత్రకారుడు అమిగోనికి దక్కనున్నదని తెలిసి, తాను ఆ పనిని ఉచితంగా చేస్తానని ముందుకువచ్చాడు. 1736-37లో పూర్తి చేశాడు. అనాథశిశువుల కోసం కెప్టెన్ థామస్ కోరమ్ స్థాపించిన ఫౌండ్లింగ్ హాస్పిటల్‌కు 1739 నుండి పాలకవర్గ సభ్యుడు. కోరమ్ నిలువెత్తు చిత్రాన్ని 1740లో గీసి ఆ సంస్థకు బహూకరించాడు. ఇతని ప్రోత్సాహంతో ఇతర చిత్రకారులు కూడా తమ చిత్రాలు ఇవ్వగా, ఆ భవనం లండనులో సమకాలీన ఆంగ్ల చిత్రాలను జనం చూడగల చోటుగా మారింది. ఇందులో దయాగుణమూ ఉన్నది, వృత్తి ప్రయోజనమూ ఉన్నది. రెంటినీ విడదీయడం కష్టం.

ముద్రల విషయంలో సాధించిన విజయం వర్ణచిత్రాల విషయంలో లభించలేదు. 1745 ఫిబ్రవరిలో వేలందారులను కాదని సొంత నిబంధనలతో వేలం జరిపాడు. నెలంతా పాటలను ఒక పుస్తకంలో నమోదు చేసి, చివరి రోజున గడియారం ప్రకారం చిత్రానికి అయిదు నిమిషాలు కేటాయించాడు. హార్లట్ చిత్రాలు పద్నాలుగేసి గినీలు, రేక్ చిత్రాలు ఇరవైరెండేసి గినీలు మాత్రమే పలికాయి. 1751లో మేరేజ్ ఆ-లా-మోడ్ ఆరు చిత్రాలను అమ్మజూపినప్పుడు చిత్ర వర్తకులు పాడరాదని షరతు పెట్టాడు. షరతుల చిక్కు వల్ల జనం దూరమయ్యారు. ఆరింటినీ కలిపి 120 గినీలకు జాన్ లేన్ అనే వ్యక్తి కొనుక్కున్నాడు. ఇదే చిత్రాలను 1797లో ఆంగర్‌స్టైన్ వెయ్యి పౌండ్లకు పైగా వెచ్చించి కొన్నాడు. 1824లో ఇవి నేషనల్ గ్యాలరీ తొలి సేకరణలో చేరాయి. హార్లట్ వర్ణచిత్రాలు 1755 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

చివరి రోజులు

1753లో సౌందర్య సిద్ధాంతంపై గ్రంథం రచించాడు. 1757లో రాజాస్థాన చిత్రకారునిగా నియమితుడయ్యాడు. 1762లో ప్రభుత్వాన్ని సమర్థిస్తూ చిత్రం వేసి పాత మిత్రుడు జాన్ విల్క్స్‌తో వైరం తెచ్చుకున్నాడు. విల్క్స్ పత్రికలో దాడి చేయగా, హోగార్త్ అతని మెల్లకన్నును ఎత్తిచూపే చిత్రంతో బదులిచ్చాడు. ఆ ముద్రలు వేలకొలది అమ్ముడయ్యాయి. 1764 అక్టోబరు 25 రాత్రి లెస్టర్ ఫీల్డ్స్ ఇంట్లో జబ్బుపడి తెల్లవారకముందే మరణించాడు. చిస్విక్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. వీరికి సంతానం లేదు.

హోగార్త్ మిగిల్చినది ముఖ్యంగా రాగిరేకులే. భార్య జేన్ బంగారు తల ఇంటినుండి ముద్రల అమ్మకాన్ని కొనసాగించింది. అయితే చాలా చిత్రాలకు పద్నాలుగేళ్ల గడువు అప్పటికే తీరిపోయింది. 1766లో చేసిన కొత్త చట్టం గడువును ఇరవైఎనిమిదేళ్లకు పెంచింది, ఇతరుల చిత్రాలను చూసి చెక్కేవారికి కూడా రక్షణ కల్పించింది. జేన్ పేరును ప్రత్యేకంగా పేర్కొని, భర్త చిత్రాలపై ఆమెకు 1767 జనవరి 1 నుండి ఇరవై ఏళ్ల హక్కును ప్రసాదించింది. ఆ గడువు ముగిసిన 1787లో రాయల్ అకాడమీ ఆమెకు ఏటా 40 పౌండ్ల భృతి మంజూరు చేసింది. 1789లో జేన్ మరణించిన తరువాత, ఆమె వద్ద ఉండి వ్యాపారం చూసిన బంధువు మేరీ లూయిస్ నుండి ముద్రాచిత్రాల వర్తకుడు జాన్ బాయ్‌డెల్ ఏటా 250 పౌండ్లు చెల్లించే ఒప్పందంపై ఆ రేకులను తీసుకున్నాడు.