తాళంచెవి ఎవరి చేతిలో?

మన సంఘాలలో ఆడపిల్లలకు పని తక్కువేమీ కాదు. మందిరం ఊడ్చేది వారే, క్రిస్మస్‌కు రంగు కాగితాలు కట్టేది వారే, సండేస్కూలులో చిన్నపిల్లలను కూర్చోబెట్టేది వారే. కానుకల లెక్క, బీరువా తాళంచెవి, కూటం ఎలా జరగాలన్న నిర్ణయం మాత్రం మరొకరి చేతిలో ఉంటాయి. పండిత రమాబాయి జీవితాన్ని మరోసారి చదువుతుంటే మాకు ఈ తేడాయే మనసులో మెదిలింది.

ఆమె 1858లో పడమటి కనుమల అడవిలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే సంస్కృత పండితుడు. ఆడవారికి సంస్కృతం తగదన్న కాలంలో ఆయన భార్య లక్ష్మీబాయికి చదువు చెప్పి తనవారి కోపానికి గురయ్యారు. ఆ తల్లే రమాబాయికి గురువు. ఇంటి పనులు మొదలుకాక ముందే, తెల్లవారుజామున కూతురిని లేపి శ్లోకాలు వల్లె వేయించేది. ఆ కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణం చెప్పి పొట్టపోసుకునేది. ఊరు మారినా పాఠం ఆగలేదు.

1874 కరువులో తల్లిదండ్రులిద్దరూ కొద్ది వారాల తేడాలో కన్నుమూశారు. తల్లి పాడె మోయడానికి మనుషులు చాలలేదు. రమాబాయి పొట్టిగా ఉండడంతో భుజానికి అందక, తలమీద పెట్టుకుని మోశారు. అప్పటికామెకు 16 ఏళ్లు.

అన్నతో కలిసి కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరినప్పుడు, అక్కడి పండితులు ఆమె పాండిత్యానికి ఆశ్చర్యపడి పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. అన్న పోయాడు, పెళ్లైన రెండేళ్లలోపే భర్తా పోయాడు. చేతిలో పసిబిడ్డ మనోరమ. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మము పొందారు. తరువాత అమెరికా వెళ్లి, అక్కడి చిన్నపిల్లల బడులలో బోధించే తీరును శ్రద్ధగా నేర్చుకున్నారు.

1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం తెరిచారు. తల గొరిగించి మూలన కూర్చోబెట్టిన బాల వితంతువుల కోసం పెట్టిన ఇల్లది. మొదట చేరినవారిలో గోదుబాయి ఒకరు. 1893లో ఆమె ధోండో కేశవ్ కర్వేను పెళ్లాడి ఆనందీబాయి అయ్యారు. వితంతువును పెళ్లాడినందుకు ఆ దంపతులను బంధువులు వెలివేసిన రోజులవి. అదే సంవత్సరం పూనాలో, సదనంలో మతం మారుస్తున్నారన్న గొడవ లేచి, చాలామంది తమ పిల్లలను తీసుకుపోయారు. రమాబాయి తలుపు మూయలేదు.

1896-97లో మధ్య పరగణాలలో కరువు వచ్చింది. ఆమె వెళ్లి దిక్కులేని బాలికలను వందల సంఖ్యలో పూనా దగ్గరి కేడ్గావ్‌కు తీసుకువచ్చారు. అదే తరువాత ముక్తి సదనమైంది. 1900లో గుజరాతు కరువు తరువాత అక్కడివారి సంఖ్య సుమారు 2,000కు చేరింది. అంతమందికి వండి, స్నానాలు చేయించి, జబ్బుచేస్తే రాత్రిళ్లు మేలుకుని, అక్షరాలు దిద్దించడం ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. అందుకే నిన్నటి విద్యార్థినులే నేడు ఉపాధ్యాయినులు, పెద్దక్కలు అయ్యారు. తోట, పాడి, మగ్గాలు, నూనె గానుగ, అచ్చుకూటం అన్నిటిలోనూ ఆడవారే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వంటిల్లే పాఠశాల అని ఆడపిల్లను అక్కడే ఉంచేయడానికి ఈ కథను వాడుకోకూడదు. కేడ్గావ్‌లో గిన్నెలు తోమిన పిల్లలకు చదువూ అందింది. పనితో పాటు దాని బాధ్యతనూ వారికి అప్పగించారు. చాకిరీకీ శిక్షణకూ తేడా అక్కడే ఉందని మేమనుకుంటాం.

1912 నాటికి వారి పరిచర్య నిజాం సంస్థానంలోని గుల్బర్గా వరకు వచ్చింది. అక్కడి బడి బాధ్యత మనోరమ వహించారు. తన తరువాత సదనాన్ని చూసుకుంటుందనుకున్న ఆ కూతురు 1921లో మరణించింది. రమాబాయి అప్పటికి ఎన్నో ఏళ్లుగా హెబ్రీ, గ్రీకు మూలాల నుండి బైబిలును సామాన్యులకు అర్థమయ్యే మరాఠీలోకి అనువదిస్తున్నారు. దుఃఖంలోనూ ఆ పని వదల్లేదు. అది ముగించిన కొద్దికాలానికే, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించారు.

ఆ బైబిలుకు అక్షరాలు పేర్చి అచ్చువేసింది ముక్తి సదనపు స్త్రీలే.