కల్నల్ సీకే మనోడే... మరి ఆయన దారి మన కుర్రాళ్లకి ఉందా?

ఇండియా టెస్టు టీముకి మొట్టమొదటి కెప్టెన్ ఎవరని మన ఊళ్లో కుర్రాళ్లని అడగండి. గవాస్కర్ అనో, కపిల్ దేవ్ అనో అంటారు. తెలుగోడని చెప్తే నమ్మరు. ఆయనే కొట్టారి కనకయ్య నాయుడు, లోకానికి సి.కె. నాయుడు. 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టాడు. పూర్వీకులది మాత్రం మన బందరేనని ఇటువైపు చెప్పుకుంటారు.

మనోడని చెప్పుకోడం తేలికే. ఆయన బతుకు తిరగేస్తే నాకైతే ఇంకోటి కనపడుద్ది. ఆట ఉన్నోడు ఒకడు, పెత్తనం ఉన్నోడు ఇంకొకడు. ఆ గొడవ ఇవాళ్టిది కాదు.

1916లో బొంబాయిలో యూరోపియన్ల మీద హిందువుల జట్టు తరఫున మొదటి పెద్ద మ్యాచ్ ఆడాడు. అప్పటికే ఏడు వికెట్లు పోయాయి. కాసిని బంతులు ఆపాడు, తర్వాత సిక్స్ లేపాడు. ఆయన తీరే అంత. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు, తర్వాత కల్నల్ అయ్యాడు. పిలిచింది ఆట చూసే. అప్పట్లో క్రికెట్‌లో డబ్బుల్లేవు. ఆడేవాడి ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎవరో ఒక రాజు కావాలి.

1926 డిసెంబర్ 1న ఇంగ్లాండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానాలో 116 నిమిషాల్లో 153 కొట్టాడు. అందులో 11 సిక్సులు. మన దొరలు మనకి నేర్పిన ఆటని మనం వాళ్లకే తిరిగి నేర్పగలం అని జనానికి ఆ రోజు తెలిసింది.

1932లో మొదటి టెస్టుకి టీము ఇంగ్లాండు వెళ్లింది. కెప్టెన్ ఎవరనుకున్నారు? పోర్‌బందర్ మహారాజు. ఆ బందరు వేరు, మన బందరు వేరు. పాపం ఆయన మంచోడే. తనకి అంత ఆట లేదని తెలుసుకుని టెస్టుకి తప్పుకున్నాడు. వైస్ కెప్టెన్ కూడా ఆడలేదు. అలా లార్డ్స్‌లో జూన్ 25న మన నాయుడు టాస్‌కి వెళ్లాడు. చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో 40 కొట్టాడు, మన టీములో అదే ఎక్కువ. 158 పరుగులతో ఓడాం. ఆ టూర్లో ఆయన మొత్తం 1618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశాడు. విజ్డెన్ పుస్తకం ఆ ఏడాది అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఆయన్ని కలిపింది.

ఇంత చేశాక 1936లో కెప్టెన్సీ ఎవరికిచ్చారు? విజ్జీకి. ఆయనా తెలుగోడే, విజయనగరం రాజకుటుంబం. మూడు టెస్టుల్లో ఆయన చేసింది 33 పరుగులు. నాయుడు ఆయన కింద ఆడాడు. ఆఖరి టెస్టులో బంతి ఒంటికి గట్టిగా తగిలినా క్రీజు వదల్లేదు, 81 కొట్టాడు. టెస్టుల్లో అదే ఆయన చివరి ఇన్నింగ్స్. అందుకే అంటున్నా, తెలుగోడు తెలుగోడికి సాయం చేస్తాడనేది ఒట్టిమాట. ఆ రోజు ఓడింది ఆట, గెలిచింది హోదా.

ఆయన మాత్రం బ్యాటు వదిలితేగా! 50 ఏళ్ల వయసులో రంజీ ఫైనల్లో బరోడా మీద డబుల్ సెంచరీ. హోల్కర్ జట్టుకి నాలుగుసార్లు రంజీ ట్రోఫీ. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఆ సీజన్లోనే ఆంధ్ర తరఫున కూడా దిగాడు, 58 ఏళ్లకి. 61 ఏళ్లప్పుడు ఉత్తరప్రదేశ్ తరఫున 84 కొట్టాడు. పద్మభూషణ్ వచ్చింది. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో పోయాడు.

ఇప్పుడు మన సంగతి. దివిసీమలో మినుము పీకాక చేలో వికెట్లు పాతుకుని ఆడే కుర్రాళ్లున్నారు. గుడివాడ వైపు ఆ చేలు కూడా చేపల చెరువులైపోతున్నాయి. సెలక్షన్స్ ఎప్పుడు, ఎక్కడ జరుగుతాయో చెప్పేవాడుండడు. చెప్పినా బస్సు ఖర్చులు, కిట్టు ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు? రాజులు పోయారు గానీ, సిఫార్సు పోలేదు.

బందరులో ఆయన పేరు చెప్పుకుని మురిసిపోతే ఏమొస్తది? కల్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ అని కుర్రాళ్లకి దేశమంతా పోటీ జరుగుద్ది. నాగాయలంక పిల్లోడు ఒకడు ఆటతోనే అందులోకి వెళ్లాలి. మండలానికొక గ్రౌండు అడుగుదాం. సెలక్షన్ కబురు ఊరూరా చెప్పమని అడుగుదాం. స్కోరు చూసి తీసుకోమందాం, ఎవరి తాలూకా అని అడక్కుండా. అప్పుడు సీకే మనోడని చెప్పుకుందాం, గట్టిగానే చెప్పుకుందాం.